మాండలిక వచనంలో వర్ణక్రమ నియతి: చిత్తూరు సీమ కథన భాష - ఒక పరిశీలన

మాండలిక రచనను గురించి తెలుగు విమర్శలో రెండు అభిప్రాయాలు చాలాకాలంగా పక్కపక్కనే నిలిచి ఉన్నాయి. మాండలికం వ్యాకరణానికి లొంగదు కాబట్టి అందులో తప్పొప్పుల ప్రసక్తి లేదనేది మొదటిది. మాండలికం తప్పుల పోగు కాబట్టి పాత్రల సంభాషణకు మించి దానికి చోటివ్వరాదనేది రెండవది. ఈ రెండూ పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. కాని రెండింటికీ ఆధారం ఒకటే. పల్లె పలుకుకు వ్యాకరణం లేదన్న నమ్మకమే ఆ ఆధారం. ఆ నమ్మకం నిలవదని, మాండలిక వచనానికి వర్ణక్రమ నియతి ప్రమాణ భాషకంటే ఎక్కువగానే అవసరమని, ఆ నియతిని పాటించినప్పుడే అది సాహిత్య భాషగా నిలుస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. పరిశీలనకు తీసుకున్నది తిరుపతి, చిత్తూరు ప్రాంతపు కథన భాష.

ఈ చర్చకు ఇప్పుడు ప్రత్యేకమైన అవసరం ఏర్పడింది. అచ్చుయంత్రం కాలంలో రచయితకూ పాఠకుడికీ నడుమ సంపాదకుడు, అచ్చుతప్పులు దిద్దేవాడు ఉండేవారు. నేడు రచయిత తానే అక్షరాలు కూర్చి, తానే దిద్ది, తానే పాఠకుల ముందుంచుతున్నాడు. ఒక కన్ను చేసే పనిని ముగ్గురు చేసిన రోజులు పోయి, ముగ్గురి పని ఒకడి మీద పడింది. ప్రమాణ భాషలో రాసేవాడికి నిఘంటువైనా తోడుంటుంది. మాండలికంలో రాసేవాడికి ఆ తోడు కూడా అరుదు. అతడి నియమాలను అతడే ఏర్పరచుకోవాలి. వాటిని గుర్తించే పని విమర్శకుడిది.

చిత్తూరు సీమ పలుకు: నేపథ్యం

చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి కొంత భాగం, కడప జిల్లా నుంచి మదనపల్లె, వాయల్పాడు ప్రాంతాలు ఇందులో చేరాయి. ఒకవైపు తమిళం, ఇంకొకవైపు కన్నడం మాట్లాడే నేలలు ఈ జిల్లాకు సరిహద్దులు. 2022లో జరిగిన పునర్విభజనతో పాత జిల్లా తిరుపతి, చిత్తూరు, అన్నమయ్య జిల్లాల మధ్య పంపకమైంది. కాబట్టి చిత్తూరు మాండలికం అనే మాటను ఒకే ముద్దగా భావించడం సరికాదు. చంద్రగిరి పలుకు, కుప్పం పలుకు, మదనపల్లె పలుకు ఒకటి కావు. తెలుగు మాండలికాలను ఉత్తర, దక్షిణ, పూర్వ, మధ్య మండలాలుగా విభజించిన భద్రిరాజు కృష్ణమూర్తి ఈ ప్రాంతాన్ని దక్షిణ మండలంలో చేర్చారు. ఆ విభజన స్థూలమైనది. అందులోని సూక్ష్మ భేదాలను చూపే బాధ్యతను చాలావరకు కథకులే మోశారు.

ఈ నేల కథకుల్లో మూడు పద్ధతులు స్పష్టంగా కనిపిస్తాయి. దామల్‌చెరువులో ఉపాధ్యాయుడిగా జీవించిన మధురాంతకం రాజారాం కథనాన్ని శిష్టవ్యావహారికంలో నడిపి, ప్రాంతీయతను పలుకుబడిలోనూ సంభాషణలోనూ మితంగా పలికించారు. ఆయన కథలకు 1993లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. డాక్టర్ కేశవరెడ్డి కథకుడి భాషను ప్రమాణ భాషగా ఉంచి, పాత్రల నోట చిత్తూరు పల్లె భాషను పలికించారు. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు కథకుడినే పల్లె భాషలో మాట్లాడించి, సంభాషణకూ కథనానికీ నడుమ ఉన్న గోడను తొలగించారు. ఈ మూడు పద్ధతులకూ వర్ణక్రమ సమస్య ఒకే విధంగా ఎదురుకాదు. మొదటి రెండింటిలో మాండలికం ఉల్లేఖన చిహ్నాల మధ్య ఉంటుంది. దాని పక్కనే ప్రమాణ భాష ఉండి కొలతగా పనిచేస్తుంది. మూడవదానిలో ఆ కొలత లేదు. రచన తన కొలతను తనలోనే చూపాలి.

శీర్షికలు చెప్పే వ్యాకరణం

నామిని రచనల భాషను పరిశీలించడానికి పుస్తకం తెరవనవసరం లేకుండానే కొంత సామగ్రి దొరుకుతుంది. శీర్షికలే అందుకు చాలు. ‘పచ్చనాకు సాక్షిగా’ అన్న పేరులో ‘పచ్చని’, ‘ఆకు’ అనే రెండు పదాలు కలిసి ‘పచ్చనాకు’ అయ్యాయి. ఈ రెండు పదాల కలయికను విడదీసి ‘పచ్చ నాకు’ అని అచ్చువేస్తే ఆకు మాయమై, ‘నాకు’ అనే సర్వనామం పుట్టుకొస్తుంది. ఒక్క ఖాళీ స్థలం అర్థాన్ని తలకిందులు చేస్తుంది. పదవిభజన వర్ణక్రమంలో భాగం కాదని భావించేవారికి ఇంతకంటే సులభమైన సమాధానం లేదు.

‘సినబ్బ’ అన్న పేరును దీని పక్కన ఉంచితే మరొక విషయం తేటపడుతుంది. ‘చినబ్బ’ ఇక్కడ ‘సినబ్బ’ అయింది. పదాదిలోని చకారం సకారంగా మారింది. కాని ‘పచ్చనాకు’లోని చకార ద్విత్వం మారలేదు. ‘పస్సనాకు’ అని ఆ పల్లెలో ఎవరూ అనరు. పదాదిన చకారం సకారమవుతుంది, ద్విత్వమైన చకారం నిలుస్తుంది. ‘చెప్పు’ ‘సెప్పు’ అవుతుంది, ‘చేను’ ‘సేను’ అవుతుంది. ‘వచ్చినాడు’, ‘పిచ్చి’, ‘మచ్చ’ చెక్కుచెదరవు. ఒకే రచయిత రెండు శీర్షికల్లో కనిపించే ఈ తేడా యాదృచ్ఛికం కాదు. అది ధ్వని పరిసరాన్ని బట్టి నడిచే నియమం. వ్యాకరణమంటే ఇదే.

ఈ మార్పు సంప్రదాయ వ్యాకరణానికి కొత్తది కూడా కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో ప్రథమ మీది పరుషాలకు గసడదవలు వస్తాయి. అక్కడ చకారానికి ఆదేశంగా వచ్చేది సకారమే. ‘అప్పుడు’, ‘చనియె’ కలిసినప్పుడు ‘అప్పుడుసనియె’ కావడం పాఠశాల విద్యార్థికి తెలిసిన ఉదాహరణ. ‘చూచి’ అన్న గ్రాంథిక రూపం ప్రమాణ భాషలో ‘చూసి’ అయింది, ‘త్రోచి’ ‘తోసి’ అయింది. రెండు అచ్చుల నడుమ చకారం సడలడాన్ని కావ్యభాష ఒక సందర్భంలోనూ, నేటి ప్రమాణ భాష ఇంకొక సందర్భంలోనూ అంగీకరించాయి. చిత్తూరు పల్లె పలుకు అదే సడలింపును పదాదికి తెచ్చింది. ఒకదాన్ని సంధికార్యమని గౌరవించి, ఇంకొకదాన్ని ఉచ్చారణ దోషమని తోసిపుచ్చడానికి భాషాపరమైన కారణం లేదు. ఉన్నదల్లా సామాజిక కారణమే.

‘మూలింటామె’ అన్న నవల పేరు ఈ పరిశీలనను మరికొంత ముందుకు తీసుకుపోతుంది. ఇందులో మూడు పదాలున్నాయి: మూల, ఇంటి, ఆమె. ‘ఇల్లు’ ఔపవిభక్తికమై ‘ఇంటి’ కావడం సూరి నియమం ప్రకారమే జరిగింది. ‘మూల’, ‘ఇంటి’ కలిసి ‘మూలింటి’ కావడం అత్వసంధి. ఇక్కడివరకు గ్రాంథిక వ్యాకరణానికి ఆక్షేపణ ఉండదు. ‘ఇంటి’, ‘ఆమె’ కలిసి ‘ఇంటామె’ కావడం మాత్రం భిన్నమైనది. బాలవ్యాకరణంలో ఇకారసంధి వైకల్పికంగా జరిగే ఏమ్యాదులలో ‘ఇంటి’ వంటి ఔపవిభక్తిక రూపాలు లేవు. కాని ‘ఇంటల్లుడు’ వంటి మాటలు వ్యవహారంలో సర్వసాధారణం. అంటే ఈ శీర్షికలో రెండు అంచెలు పాత వ్యాకరణం లోపల, ఒక అంచె దాని అవతల ఉన్నాయి. అవతల ఉన్నది కూడా అరాచకం కాదు. తెలుగు సంధి తత్త్వం జాబితాను దాటి విస్తరించిన తీరు అది. ఆ శీర్షికను ‘మూల ఇంటి ఆమె’ అని దిద్దితే వ్యాకరణం బాగుపడదు. పేరు పోయి వర్ణన మిగులుతుంది.

‘మిట్టూరోడి పుస్తకం’ అన్న శీర్షికలోని ‘వాడి’ ‘ఓడి’ కావడం మాత్రం వేరే కోవకు చెందుతుంది. ‘చిన్నోడు’, ‘మంచోడు’ వంటి రూపాలు చిత్తూరుకే పరిమితం కావు. తెలుగు మాట్లాడే అన్ని ప్రాంతాల్లోనూ వినిపిస్తాయి. కాబట్టి ఇది ప్రాంతీయ లక్షణం కాదు, మౌఖిక లక్షణం. ఒక రచనలోని మాండలిక లక్షణాలను లెక్కించే పరిశోధకులు ఈ రెండింటినీ ఒకే పట్టికలో చేర్చడం వల్ల ఆ పట్టిక విలువ తగ్గుతుంది. రచయిత ఏ ఊరివాడో చెప్పే రూపం వేరు, రచయిత మాట్లాడుతున్నట్లు రాస్తున్నాడని మాత్రమే చెప్పే రూపం వేరు.

మూడు రకాల భేదాలు

ప్రమాణ వర్ణక్రమానికి భిన్నంగా ఉన్న ప్రతి రూపాన్నీ ఒకే గాటన కట్టడం వల్లనే మాండలిక రచన మీద అనవసర వివాదాలు పుట్టాయి. వాటిని మూడుగా విడదీయడం అవసరం.

మొదటిది నిజమైన మాండలిక రూపం. ఇది వ్యవస్థలో భాగంగా ఉంటుంది. కోస్తాలో ‘ఉన్నాడు’ అన్న చోట చిత్తూరు సీమలో ‘ఉండాడు’ అంటారు. దానితోపాటే ‘ఉండాది’, ‘ఉండారు’, ‘ఉండావు’, ‘ఉండాను’ అన్న రూపాలు నడుస్తాయి. లింగవచన పురుష భేదాలన్నీ ఇందులో యథాతథంగా ఉన్నాయి. కర్తకూ క్రియకూ పొత్తు ఎక్కడా చెడదు. ‘వాళ్ళు ఉండాది’ అని ఏ నిరక్షరాస్యుడూ అనడు. భూతకాలంలో ‘వచ్చాడు’కు బదులు ‘వచ్చినాడు’ అన్న రూపం మరింత ఆసక్తికరం. ఇది గ్రాంథిక భాషలోని ‘వచ్చినాఁడు’కు అరసున్న మాత్రమే తక్కువైన రూపం. కోస్తా రూపం మార్పు పొందినది, సీమ రూపం పాతదనాన్ని నిలుపుకొన్నది. ప్రాచీనతే ప్రామాణికతకు కొలత అయితే ఎర్రసిరా గుర్తు పడవలసింది ‘వచ్చినాడు’ కింద కాదు.

రెండవది చూపుకు మాత్రమే మాండలికమైన రూపం. పదాదిన ఎకారం ముందు యకారచ్ఛాయ, ఒకారం ముందు వకారచ్ఛాయ పలకడం తెలుగువారందరిలో ఉన్న అలవాటు. ‘ఎందుకు’ను ‘యెందుకు’ అని, ‘ఒక’ను ‘వొక’ అని రాసినంత మాత్రాన అది చిత్తూరు పలుకు కాదు. కళాశాల అధ్యాపకుడూ, కాపు రైతూ ఆ మాటను ఒకే విధంగా పలుకుతారు. అయినా కొన్ని రచనల్లో అధికారి మాటలో ‘ఎందుకు’ అనీ, కూలివాడి మాటలో ‘యెందుకు’ అనీ కనిపిస్తుంది. ధ్వనిలో లేని తేడా రాతలో ఎందుకు వచ్చింది? కూలివాడు తప్పుగా మాట్లాడతాడన్న భావనను పాఠకుడి కంటికి అందించడానికే వచ్చింది. మాండలికానికి గౌరవం కల్పించాలని బయలుదేరిన రచన ఇక్కడ తెలియకుండానే పాత్రను వెక్కిరిస్తుంది. వర్ణక్రమం ఈ విధంగా నైతిక సమస్య కూడా అవుతుంది.

మహాప్రాణాలను వదిలి రాసే పద్ధతిని కూడా ఈ దృష్టితోనే చూడాలి. ‘కథ’ను ‘కత’ అని రాయడం దోషం కాదు. ‘కత’ నిఘంటువులకెక్కిన తద్భవం. ‘భూమి’ని ‘బూమి’ అని, ‘ధర’ను ‘దర’ అని రాయడం పాత్ర సామాజిక స్థితిని సూచించే ధ్వనిలేఖనం. ఒక పాత్ర మాటలో మొదటినుంచి చివరివరకు ఈ పద్ధతి ఉంటే అది రచయిత నిర్ణయం. ఒకే పేజీలో ఒకే పాత్ర ఒకసారి ‘భూమి’, మరోసారి ‘బూమి’ అంటే, అందుకు కథలో కారణం లేకపోతే, అది అజాగ్రత్త. పట్నం వచ్చిన రైతు కచేరీలో అధికారి ముందు ‘భూమి’ అని, గుమ్మం దాటాక తోటివాడితో ‘బూమి’ అంటే అది అజాగ్రత్త కాదు, గొప్ప పరిశీలన. రెండింటికీ తేడా చెప్పగలగాలంటే రచన మిగతా భాగమంతా నియమబద్ధంగా ఉండాలి. నియతి ఉన్నచోటనే భంగం అర్థవంతమవుతుంది. ఛందస్సులో యతిభంగం తెలియాలంటే యతి తెలిసి ఉండాలన్నట్లే ఇది కూడా.

మూడవది తప్పు. దీనికి ప్రాంతం లేదు. ‘ప్రాథమిక’ అనవలసిన చోట ‘ప్రాధమిక’ అని, ‘ఉచ్చారణ’ను ‘ఉచ్ఛారణ’ అని రాయడం ఏ మాండలికమూ కాదు. ‘అర్థం’ అంటే భావం, ‘అర్ధం’ అంటే సగం. ఒకదానికి బదులు ఇంకొకటి రాసినవాడు అర్థాన్ని సగం చేసినవాడే. ‘కల్లు’కూ ‘కళ్ళు’కూ ఉన్న తేడా చెప్పవలసిన పనిలేదు. మాండలిక రచయిత ప్రమాణ పదాలను వాడినప్పుడు ఆ పదాల వర్ణక్రమానికి కట్టుబడి ఉండాలి. ‘సేను’ అని రాసిన చేతికి ‘అర్ధం’ అని రాసే స్వేచ్ఛ దానంతటదే రాదు. పైగా ఇటువంటి తప్పులు ఎక్కువైతే పాఠకుడు ‘సేను’ను కూడా తప్పుల జాబితాలోనే చేరుస్తాడు. తప్పు తన పక్కనున్న ఒప్పును కూడా అనుమానాస్పదం చేస్తుంది. మాండలిక రచయితకు వర్ణక్రమ నియతి మరింత అవసరమనడానికి ముఖ్యకారణం ఇదే.

తాళ్ళపాక పాఠాలు నేర్పే పాఠం

ఈ వివేకానికి తిరుపతిలోనే ఒక పూర్వరంగం ఉంది. తాళ్ళపాక కవుల సంకీర్తనలు చెక్కిన రాగిరేకులు వేల సంఖ్యలో తిరుమలలో నిలిచి ఉండగా, ఇరవయ్యో శతాబ్దంలో వాటి పరిశీలన, పరిష్కరణ సాగాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ ఆ కృషిలో ప్రముఖులు. పదిహేనో శతాబ్దపు కడప సీమ కవి నోటి మాట, శాసనలేఖకుడి చేతి అలవాటు, ఉలి జారిన చోటు, ఈ మూడూ రాగిరేకు మీద ఒకే విధంగా కనిపిస్తాయి. పరిష్కర్త వాటిని వేరుచేయాలి. అన్నమయ్య పదాల్లోని వ్యావహారిక రూపాలను లక్షణ విరుద్ధాలని దిద్దితే కవి పోతాడు. లేఖక దోషాలను కవి ప్రయోగాలని నిలిపితే భాషాచరిత్ర పాడవుతుంది.

ఇటువంటి పరిష్కరణకు తోడ్పడే కొలత సరళమైనది. ఒకే పరిసరంలో మళ్ళీమళ్ళీ వచ్చే రూపం భాష. పరిసరానికి విరుద్ధంగా ఒక్కసారి వచ్చి పోయే రూపం చాలావరకు చేతి పొరపాటు. ఆవృత్తి, పరిసరం అనే ఈ రెండు ఆధారాలు ఐదు శతాబ్దాల నాటి రాగిరేకుకు ఎలా వర్తిస్తాయో, నేటి కథల సంపుటికీ అలాగే వర్తిస్తాయి. నామిని పుస్తకాన్ని పునర్ముద్రించే ప్రచురణకర్త, అందులోని పదాలతో కోశం కూర్చే పరిశోధకుడు చేస్తున్నది కూడా పాఠపరిష్కరణే. ఆ గుర్తింపు లేకపోవడం వల్లనే మాండలిక గ్రంథాల పునర్ముద్రణలో వర్ణక్రమాన్ని అక్షరకూర్పు చేసేవారి అభీష్టానికి వదలడం జరుగుతున్నది.

ఒక క్రియారూపాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ‘చేస్తున్నాడు’ అనే అర్థంలో ‘చేస్తా ఉండాడు’, ‘చేస్తావుండాడు’, ‘చేస్తాండాడు’ అన్న మూడు రాతలు దక్షిణ మండల రచనల్లో కనిపిస్తాయి. మొదటి రెండింటి మధ్య తేడా రాతదే. అచ్చుల నడుమ వకారాన్ని చూపడమా, ఖాళీ విడవడమా అన్నదే అక్కడి ప్రశ్న. మూడవది అటువంటిది కాదు. అందులో ఉకారం లోపించి క్రియ సంకోచించింది. అది మరో ఉచ్చారణ, సీమలోనే మరో ప్రాంతపు గుర్తు. మూడింటినీ ఏకరూపం చేయాలని ‘చేస్తాండాడు’గా దిద్దిన సంపాదకుడు చంద్రగిరి మనిషిని ఉత్తరానికి తరలించినవాడవుతాడు. మూడింటినీ కలగలిపి వాడిన రచయిత తన పాత్రకు ఊరు లేకుండా చేసినవాడవుతాడు.

పదజాలం విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. వేరుశనగను ఈ ప్రాంతంలో ‘చెనిక్కాయ’ అంటారు, ‘సెనిక్కాయ’ అని కూడా వినిపిస్తుంది. నాగలి ‘మడక’. పొలం గట్టు ‘గెనిమ’. ఈ మాటలు రచనలో ఏ వర్ణక్రమంతో స్థిరపడతాయో, కోశంలో ఆ వర్ణక్రమంతోనే చేరతాయి. సేద్యపు పరికరాలూ పద్ధతులూ మారుతున్నకొద్దీ మడక వంటి మాటలు నోళ్ళనుంచి జారిపోతున్నాయి. రేపటి పరిశోధకుడికి దొరికే సాక్ష్యం ముద్రిత రూపమే. ఒకే మాటకు ఒకే రచయిత నాలుగు వర్ణక్రమాలు ఇస్తే, అవి నాలుగు ఊళ్ళ ఉచ్చారణలా, ఒక చేతి నాలుగు పొరపాట్లా అని తేల్చే మార్గం ఆ పరిశోధకుడికి ఉండదు.

ఆక్షేపణలు, సమాధానాలు

మాండలికానికి నియమం విధించడమంటే, గిడుగు రామమూర్తి ఎదిరించిన గ్రాంథిక నిర్బంధాన్ని మరో దారిలో తేవడమే కదా అన్న ఆక్షేపణ రావచ్చు. గిడుగు వాదనను స్మరిస్తే ఈ ఆక్షేపణ నిలవదు. నియమాలు అక్కరలేదని గిడుగు అనలేదు. గ్రాంథికంలో రాస్తున్నామని చెప్పుకొనే పండితుల రచనల్లోనే వ్యాకరణ విరుద్ధ ప్రయోగాలను ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’లో ఎత్తిచూపారు. వాడుకలో లేని నియమాన్ని ఎవరూ సక్రమంగా పాటించలేరన్నది దాని సారం. జీవద్భాషకు తనదైన వ్యాకరణం ఉందనీ, దాన్ని వాడుక నుంచి గ్రహించాలనీ ఆయన వాదించారు. మాండలిక రచన నుంచి ఈ వ్యాసం కోరుతున్నది కూడా అదే. నియమం పై నుంచి వచ్చేది కాదు, పలుకులోంచి గ్రహించేది.

పలికినట్లే రాయాలన్న ఆదర్శం రెండవ ఆక్షేపణకు మూలం. అచ్చంగా పలికినట్లు రాయడం ఏ లిపికీ సాధ్యం కాదు. ‘మేక’ అన్న మాటలోని మొదటి అచ్చు ఎకారానికీ అకారానికీ నడిమిది. దానికి తెలుగు లిపిలో అక్షరం లేదు. తాలవ్య చకారానికీ దంత్య చకారానికీ ఉన్న తేడాను చూపే ‘ౘ’, ‘ౙ’ అక్షరాలు పాత నిఘంటువుల్లో ఉన్నాయి, యూనికోడ్‌లోకి 2008లో చేరాయి, అయినా నిత్యలేఖనంలో ఎవరూ వాడరు. వర్ణక్రమం ధ్వనికి ఛాయాచిత్రం కాదు, ధ్వనిని గుర్తుచేసే ఒడంబడిక. ఏ తేడాలను చూపాలో, ఏ తేడాలను పాఠకుడి చెవికి వదలాలో ఎంచుకోవడమే మాండలిక రచయిత నేర్పు. అన్నీ చూపబోయిన రచన చదవడానికి వీలుకాని ధ్వనిలేఖనమవుతుంది. ఆ రచనను చిత్తూరువాడు కూడా కూడబలుక్కుని చదవవలసి వస్తుంది.

కథకుడి భాష, పాత్రల భాష వేరుగా ఉన్న రచనల్లో ఈ ఎంపిక మరింత సున్నితమైనది. కేశవరెడ్డి నవల ‘అతడు అడవిని జయించాడు’ శీర్షికలోని క్రియ ప్రమాణ భాషది. ఆ నవలలోని ముసలివాడు తన భాషలో ఆ మాట అనవలసివస్తే ‘జయించినాడు’ అంటాడు, అసలు ‘జయించు’ అన్న సంస్కృత ధాతువునే వాడకపోవచ్చు. కథకుడికీ పాత్రకూ నడుమ ఉన్న ఈ దూరం దోషం కాదు. ఒక రాత్రి పాటు సాగే ఆ పోరాటాన్ని పాత్రకు అందని ఎత్తునుంచి చూడటం ఆ నవల కథన పద్ధతి. ‘మునెమ్మ’ పేరులో మాత్రం తిరుపతి పరిసరాల పల్లె పలుకు ఉంది. మునియమ్మ మునెమ్మ అయింది. ఆ పేరును మునియమ్మగా దిద్దితే ఆమె ఊరు మారిపోతుంది. ఒకే రచయిత ఒక శీర్షికలో ప్రమాణ క్రియను, ఇంకొక శీర్షికలో మాండలిక నామాన్ని నిలపడం అస్థిరత కాదు. ఎవరి గొంతు ఎక్కడ వినిపించాలో తెలిసిన నియతి.

తరగతి గది

ఈ చర్చ ఫలితం సాహిత్య విమర్శకే పరిమితం కాదు. పల్లెనుంచి వచ్చిన విద్యార్థి జవాబుపత్రంలో ‘వచ్చినాడు’ అనీ రాస్తాడు, ‘ప్రాధమిక’ అనీ రాస్తాడు. రెండింటి కిందా ఒకే గీత పడితే అతడికి అందే సందేశం ఒకటే, తన ఇంటి భాష అక్షరదోషంతో సమానమని. రెండింటినీ వదిలేస్తే అందే సందేశం కూడా మేలైనది కాదు, ఏది ఎలా రాసినా చెల్లుతుందని. మొదటిదాని పక్కన ‘ఇది మన ప్రాంతపు రూపం, పరీక్షలో ప్రమాణ రూపం రాయాలి’ అని, రెండవదాని పక్కన ‘ఇది తప్పు’ అని రాయగల అధ్యాపకుడు ఆ విద్యార్థికి వ్యాకరణం నేర్పినవాడవుతాడు. ఆ వివేకం అలవడిన విద్యార్థుల్లోంచే రేపటి మాండలిక రచయితలు రావాలి.

సిద్ధాంత వ్యాసాల్లో మాండలిక పద పట్టికలు ఇచ్చే పరిశోధకులు కూడా మూడు జాగ్రత్తలు పాటించవలసి ఉంది. పదం ఏ ముద్రణలో ఏ వర్ణక్రమంతో ఉందో అలాగే ఉల్లేఖించాలి. అది ప్రాంతీయ రూపమా, సామాజిక రూపమా, మౌఖిక రూపమా అన్నది వేరుగా చూపాలి. అచ్చుతప్పుగా అనుమానించిన రూపాన్ని మౌనంగా దిద్దకుండా అనుమానాన్ని తెలపాలి. రాగిరేకుల పరిష్కరణకు అవసరమైన నిగ్రహం పద పట్టికకు అనవసరం కాదు.

చిత్తూరు సీమ కథకులు పల్లె పలుకును సాహిత్య భాషగా నిలపగలిగారంటే, వ్యాకరణాన్ని వదిలివేయడం వల్ల కాదు. పలుకులో ఉన్న వ్యాకరణాన్ని చెవితో గ్రహించి, చేతితో పాటించడం వల్ల. ‘సినబ్బ’లో మారిన చకారం, ‘పచ్చనాకు’లో మారని చకారం ఆ వినికిడికి సాక్ష్యాలు. సంపాదకుడి తోడు తగ్గిపోతున్న నేటి రచనారంగంలో, కొత్తగా మాండలికంలో రాయబూనే ప్రతివారికీ కావలసింది ఆ చెవి, ఆ చెయ్యి రెండూ.